వాన లెక్క, ఊరి లెక్క



ఈ రోజు విత్తనాన్ని గురించీ ఎరువును గురించీ కాక, శిక్షణను గురించి నాలుగు మాటలు మనవి చేయదలచుకున్నాను. శిక్షణ అనగానే "మళ్ళీ మీటింగా!" అని మీలో కొందరు నవ్వుకుంటారని నాకు తెలుసు. నవ్వుకోదగిన మాటే. అందుకని ముందుగా నా సంగతే చెప్పి మొదలుపెడతాను.

నేను పాత పాలమూరు జిల్లాలో వ్యవసాయ విస్తరణ అధికారిగా పనిచేస్తున్నాను. రెండేళ్ళ వ్యవసాయ డిప్లొమా చదివి ఈ ఉద్యోగంలోకి వచ్చినవాణ్ణి. 2020, 2021 సంవత్సరాలలో తెలంగాణలో సుమారు 5000 ఎకరాలకు ఒకటి చొప్పున 2601 రైతు వేదికలు కట్టారు. మా క్లస్టరుకూ ఒకటి వచ్చింది. గోడల రంగు వాసన ఇంకా పోకముందే అందులో పత్తి సస్యరక్షణ మీద ఒక శిక్షణ పెట్టాను. గోడ మీద బొమ్మలు వేసి రెండు గంటలసేపు చెప్పాను. 62 మంది సంతకాలు చేశారు. టీ తాగారు. ఒకరిద్దరు "మంచిగ చెప్పినవు సారూ" అని కూడా అన్నారు. నాకు చాలా తృప్తి కలిగింది.

పదిరోజులు పోయాక ఒక పెద్దాయన నన్ను చేను గట్టు మీద ఆపి, పత్తి ఆకు వెనక్కు తిప్పి చూపించాడు. "సారూ, మీరు చెప్పిన పురుగు ఇదే గదా. నిన్ననే మందు కొట్టిన. అన్నీ సచ్చినయ్" అన్నాడు సంతోషంగా. ఆకు మీద చచ్చి పడివున్నవి అక్షింతల పురుగు పిల్లలు. చిన్న మొసలి ఆకారంలో, నల్లగా, ఒంటి మీద నారింజ మచ్చలతో వుంటాయి. పేనుబంకను తిని మనకు మేలు చేసే పురుగులవి. నేను వేసిన బొమ్మల్లో రెక్కలు వచ్చిన పెద్ద అక్షింతల పురుగు వుంది గాని దాని పిల్ల లేదు. పెద్దాయన ముందు వరుసలోనే కూర్చుని విన్నాడు. విన్నది విన్నట్టే చేశాడు. మందు డబ్బులు పోయాయి, మేలు చేసే పురుగులు పోయాయి. తప్పు ఎవరిదంటారు?

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే అబద్ధమవుతుంది, పట్టింది. కాని మరునాటి నుంచి ఆ 62 సంతకాల కాగితం చూస్తే మాత్రం సిగ్గేసేది.

ఈ తప్పు నాతో మొదలైంది కాదు. 1952 అక్టోబరు 2న మన దేశంలో సమాజ వికాస పథకాన్ని 55 కేంద్రాలలో ప్రారంభించారు. మరుసటి సంవత్సరం అదే తేదీన జాతీయ విస్తరణ సేవ వచ్చింది. గ్రామసేవకుడనే ఉద్యోగిని ఊళ్ళకు పంపారు. వ్యవసాయం, పశువులు, పారిశుధ్యం, వయోజన విద్య, సహకార సంఘం, అన్నీ అతని నెత్తినే. పాపం, సైకిలు మీద తిరిగి ఎంతో పని చేశారు వాళ్ళు. బావులు తవ్వించారు, రోడ్లు వేయించారు. అయితే అయిదేళ్ళు గడిచిన తరువాత బల్వంతరాయ్ మెహతా అధ్యక్షతన ఒక సంఘం తిరిగి చూసి, 1957 నవంబరులో నివేదిక ఇచ్చింది. దాని సారాంశం ఇది: పనులు జరిగినవి గాని, ప్రజలలో ఇవి మా పనులు అనే చొరవ పుట్టలేదు. కాబట్టి నిర్ణయించే అధికారాన్ని కింది నుంచి ఎన్నికైన సంస్థలకే అప్పగించాలన్నారు. 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో పంచాయతీ రాజ్యం మొదలైంది. అదే సంవత్సరం మన వైపున షాద్‌నగర్‌లో మొదలైంది. షాద్‌నగర్ అప్పుడు మా పాలమూరు జిల్లాలోనిదే. 2016లో జిల్లాలు చీల్చినప్పుడు రంగారెడ్డి జిల్లాలోకి పోయింది.

రేడియో వారు కూడా ఈ విషయాన్ని అప్పుడే కనిపెట్టారని ఇక్కడ చెప్పకపోతే అన్యాయమవుతుంది. 1956లో పూనా ప్రాంతంలో 150 ఊళ్ళలో ఒక ప్రయోగం చేశారు. ఊరికొక రేడియో సంఘం. వారానికి రెండుసార్లు వ్యవసాయ ప్రసంగం వింటారు. విన్న వెంటనే లేచిపోరు. కూర్చుని, ఇది మన ఊళ్ళో పనికివస్తుందా రాదా అని వాదించుకుంటారు. అడగదలచిన ప్రశ్నలు రేడియోకు రాసి పంపుతారు. వినండి, చర్చించండి, ఆచరించండి అన్నది దాని సూత్రం. నేను పెట్టిన మీటింగులో విన్నారు, టీ తాగారు. మధ్య మెట్టు లేదు.

ఆ మధ్య మెట్టు ఎట్లా కట్టాలో నాకు పొలంబడి నేర్పింది. పొలంబడి మొదట పుట్టింది ఇండోనేషియాలో. అక్కడ వరికి మందులు విచ్చలవిడిగా కొట్టి, మేలు చేసే పురుగులన్నీ చచ్చి, సుడిదోమ పెట్రేగిపోయింది. 1986లో అక్కడి ప్రభుత్వం వరి మీద 57 రకాల మందులను నిషేధించింది. నిషేధించినంత మాత్రాన రైతు చేతిలో డబ్బా ఆగదు గదా. అందుకని 1989లో జోగ్జకార్తా ప్రాంతంలో రైతులను పొలంలోనే కూర్చోబెట్టి పురుగులను గుర్తుపట్టడం నేర్పించే బడి పెట్టారు. తరువాత అది చాలా దేశాలకు, మన దేశానికీ వచ్చింది.

ఈ బడిలో పాతిక ముప్పయి మంది రైతులుంటారు. పంటకాలం పొడుగునా వారానికొక పూట పొలంలో కలుస్తారు. నాలుగైదు జట్లుగా చీలి, మొక్కలు లెక్కపెట్టి, ఆకులు తిప్పి, పురుగులు పట్టి, పెద్ద కాగితం మీద మొక్క బొమ్మ గీస్తారు. చెడ్డ పురుగులు ఒక పక్కన, మంచివి ఒక పక్కన. ఆ తరువాత ఈ వారం మందు కొట్టాలా వద్దా అని జట్టు జట్టూ లేచి తన తీర్పు చెప్పాలి. కారణం కూడా చెప్పాలి. ఇక నావంటివాడికి పెట్టిన నియమం వినండి. రైతు ఒక పురుగు తెచ్చి "ఇదేంది సారూ?" అంటే పేరు చెప్పకూడదు! "ఎక్కడ దొరికింది? ఎన్ని వున్నాయి? ఏమి తింటున్నది?" అని తిరిగి ప్రశ్నే వేయాలి. తెలియకపోతే ఒక సీసాలో ఆ పురుగునూ పేనుబంక వున్న ఆకునూ వేసి, మూతికి పలచటి గుడ్డ కట్టి, రేపు చూద్దామనాలి. మొదటి వారం నాకు నాలుక దురద పెట్టింది. చదివిన చదువంతా గొంతులోనే ఆగిపోయినట్టుండేది. కాని సీసాలో తెల్లవారేసరికి పేనుబంక మాయమై, అక్షింతల పురుగు పిల్ల లావెక్కి కనిపించిన రోజున, నేను రెండు గంటల్లో చెప్పలేనిది ఆ సీసా చెప్పింది. మందు కొట్టిన పెద్దాయనే ఆ సీసా పట్టుకుని ఊరంతా తిప్పాడు.

అయితే పురుగు ఒకరి చేనులోది. నీళ్ళు అందరివీ. అసలు మనవి చేయదలచుకున్నది ఆ సంగతి.

మా క్లస్టరులో ఒక ఊరున్నది, పేరు చెప్పను. 1500 ఎకరాల భూమి, అంతా ఎర్రచెలక, కింద గట్టి రాయి. 2 వేల మంది జనం. 2018 జనవరి నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటలూ ఉచితంగా కరెంటు ఇచ్చారు. అది మేలే. కాని కరెంటు వచ్చినప్పుడల్లా తనంతట తానే తిరిగే స్టార్టరు బిగించుకుని, రైతు ఇంట్లో పడుకుంటే మోటారు చేనులో తిరుగుతూనే వుంటుంది. ఆ ఊళ్ళో యాసంగిలో 200 ఎకరాల దాకా వరి వేసేవారు. వేసవి వచ్చేసరికి తాగే నీళ్ళకు కూడా కటకట. ఒకే గట్టుకు అటూ ఇటూ అన్నదమ్ములిద్దరు. అన్న 300 అడుగులు వేస్తే తమ్ముడు 500. అన్న మళ్ళీ 700. మాటలు ఆగిపోయాయి. ఆఖరికి చెల్లెలి కొడుకు పెళ్ళికి కూడా ఒకరు వస్తే ఇంకొకరు రాలేదు.

ఆ ఊరి పాత బడి గోడ మీద వెలిసిపోయిన రంగుతో ఒక పట్టిక వుంది. దగ్గరకు వెళ్ళి చూస్తే వాన, బావి లోతు అనే మాటలు, కొన్ని అంకెలు. అది ఏమిటని అడిగితే ముసలివాళ్ళు చెప్పారు. 2003 నుంచి కొన్ని సంవత్సరాలపాటు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, నల్లగొండ, మహబూబ్‌నగర్ అనే 7 కరువు జిల్లాలలో, 600లకు పైగా ఊళ్ళలో, రైతులే భూగర్భజలాన్ని కొలుచుకునే పథకం ఒకటి నడిచింది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడింది. రైతులు రోజూ వాన కొలిచేవారు, పదిహేను రోజులకొకసారి బావులలో నీటిమట్టం చూసేవారు, యాసంగి ముందు కూర్చుని ఊరి నీటి లెక్క వేసుకునేవారు. ఆ పథకంలో నాకు నచ్చిన విషయమేమిటంటే, వరి తగ్గించినందుకు ఎవరికీ డబ్బు ఇవ్వలేదు, తగ్గించకపోతే ఎవరినీ శిక్షించలేదు. లెక్క చేతికిచ్చి వూరుకున్నారు. చాలామంది తమంతట తామే పంట మార్చుకున్నారు.

"మరి ఎందుకు ఆపేసిండ్రు?" అని అడిగాను. "పథకం అయిపోయింది, కొలిచే పిలగాండ్లు పట్నం పోయిండ్రు, డబ్బా తుప్పుపట్టింది" అన్నారు. నిజమే, పథకం పోగానే కొలత పోయే చోట్లు చాలా వుంటాయి. దాని మీద నా అభిప్రాయం చెప్పమంటే, పథకానికి ఒక ఆఖరి తేదీ వుంటుంది గాని, ఊరికి వుండదు గదా. ఆ సంగతి పథకాలు రాసేవాళ్ళు మొదటి రోజునే ఆలోచించాలి.

సరే. 2023 జూన్ మొదటి వారంలో ఆ ఊళ్ళో మళ్ళీ మొదలుపెట్టాం. వానమాపకం ఒకటి పంచాయతీ ఆఫీసు ముందు చెట్టూ గోడా అడ్డం లేని చోట పెట్టాం. దాని బాధ్యత మహిళా సంఘంలో లెక్కలు రాసే ఒక అక్క తీసుకున్నది. పొద్దున 8:30 గంటలకు చూసి పుస్తకంలో రాయాలి. వాన లేని రోజున సున్నా రాయాలి. "సున్నాకు కూడా రాసుడేంది?" అని నవ్వారు. సున్నాలు వరుసగా 20 వచ్చిన ఆగస్టులో ఎవరూ నవ్వలేదు.

బావులు లోతు చూడటానికి నాలుగు వాడకం లేని బావులు, బోర్లు ఎంచుకున్నాం. మీటరు మీటరుకు గుర్తులు పెట్టిన తాడుకు ఒక బరువు కట్టి వదలటమే. బోరు ఎంత పోస్తున్నదో చూడటానికి 200 లీటర్ల డ్రమ్ము, సెల్‌ఫోనులోని గడియారం చాలు. డ్రమ్ము 80 సెకన్లలో నిండితే గంటకు 9000 లీటర్లు. ఇది కొలిచిన రోజున ఒక తమాషా జరిగింది. తన బోరు ఊళ్ళో అందరికన్న బాగా పోస్తుందని చెప్పుకునే ఒకాయన డ్రమ్ము నిండటానికి 2 నిమిషాలు దాటింది. పక్కన గట్టిగా నవ్వినవాడి బోరు మరునాడు కొలిస్తే అంతకన్నా తక్కువ వచ్చింది.

అక్టోబరు ఆఖరున అందరం రైతు వేదికలో కూర్చున్నాం. ఈసారి గోడ మీద బొమ్మలు లేవు. సుద్దముక్క, నల్లబల్ల. లెక్క వాళ్ళే వేశారు. నేను గుణకారం తప్పితే దిద్దాను, అంతే. ఆ లెక్క మీకూ వినిపిస్తాను, కాగితం తీసుకుని మీ ఊరికి కూడా వేసి చూడండి.

ఎకరం మీద 1 మిల్లీమీటరు వాన పడితే సుమారు 4000 లీటర్లు. అక్క పుస్తకం ప్రకారం ఆ వానకాలంలో 500 మిల్లీమీటర్లు. అంటే ఎకరానికి 20 లక్షల లీటర్లు. ఇందులో పారిపోయేది పారిపోగా, ఆవిరయ్యేది ఆవిరి కాగా, మన రాతినేలల్లో భూమి లోపలికి దిగేది నూటికి 10 పాళ్ళ చుట్టుపక్కల. ఎకరానికి 2 లక్షల లీటర్లు. 1500 ఎకరాలకు 30 కోట్ల లీటర్లు. "ముప్పయి కోట్లా!" అని వెనుక నుంచి ఎవరో ఆశ్చర్యపోయారు. అందరికీ ఉత్సాహం వచ్చింది.

ఇక ఖర్చు. జనం 2 వేల మంది, మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున ఏడాదికి 4 కోట్లు. గొడ్డూ గోదకు, గొర్రెలకు 1 కోటి. మిగిలింది 25 కోట్లు. యాసంగి వరికి సుమారు 1200 మిల్లీమీటర్ల నీరు కావాలి. ఎకరానికి 48 లక్షల లీటర్లు. మడిలోంచి సగం మళ్ళీ భూమిలోకి దిగుతుందనుకున్నా, ఖర్చయ్యేది 24 లక్షలు. అనగా ఒక ఎకరం యాసంగి వరి 12 ఎకరాలలో భూమి లోపలికి దిగిన వానను తాగుతుంది. నిరుటిలాగ 200 ఎకరాలు వేస్తే 48 కోట్లు. వున్నవి 25.

కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒక తాత లేచి చాలా మంచి ప్రశ్న వేశాడు. "నిరుడు వానలు బాగ పడ్డయ్. ఆ నీళ్ళు లోపల వుంటయ్ గద. అవి లెక్కల కలపలేదేంది?" పుస్తకం తీసి బావుల లెక్క చూశాం. జూన్‌లో నీరు 11 మీటర్ల లోతున వుంది. అక్టోబరు ఆఖరుకు 9 మీటర్లు. వానకాలమంతా కలిపి పైకి వచ్చింది 2 మీటర్లు. రాతినేలలో నీరు నిలిచే సందులు నూటికి రెండు మూడు పాళ్ళే. 2 మీటర్ల మందంలో నూటికి రెండున్నర అంటే 50 మిల్లీమీటర్లు. వాన లెక్క ప్రకారం దిగింది కూడా 500లో పదో వంతు, 50 మిల్లీమీటర్లే! బావి, వాన రెండూ ఒకే మాట చెప్పాయి. వానకాలంలో తోడింది వుంది కాబట్టి లెక్క కొంచెం అటూ ఇటూ కావచ్చు. కాని తాత అడిగిన పాత నీళ్ళ నిలువ ఎంత వున్నా, ఈ ఏటి రాబడికి మించి తోడితే ఆ నిలువే కరిగిపోతుందని ఆయనే అన్నాడు. "బ్యాంకుల అసలు తిన్నట్టు" అని కూడా ఆయనే అన్నాడు.

అప్పుడు తేలిన లెక్క ఇది. 50 ఎకరాలు వరి, 12 కోట్లు. 85 ఎకరాలు వేరుశనగ, దానికి 500 మిల్లీమీటర్లు అనుకుని, పావువంతు తిరిగి దిగుతుందనుకుంటే, ఎకరానికి 15 లక్షల చొప్పున 12 కోట్ల 75 లక్షలు. రెండూ కలిపి 25 కోట్ల లోపు. కాగితం మీద చక్కగా సరిపోయింది. ఎవరు వరి మానుకోవాలి అన్న దగ్గర మాత్రం గొడవ మొదలైంది. వేరుశనగకు అడవిపందుల బెడద, కూలీల కొరత, విత్తనం ఖర్చు. వరికి అయితే కొనుగోలు కేంద్రం వుంది. ఇవన్నీ నిజమైన కష్టాలే. వీటికి నా దగ్గర జవాబు లేదు. లేదనే చెప్పాను.

ఆ యాసంగిలో పడిన వరి 110 ఎకరాలు. లెక్క చెప్పిన 50 కాదు, నిరుటి 200 కాదు. దీనిని గెలుపంటారో ఓటమి అంటారో మీరే అనుకోండి. 2024 మార్చి ఆఖరుకు 14 బోర్లు ఎండిపోయాయి. వాటిలో ఒకటి ఆ అన్నదమ్ములలో అన్నది, 700 అడుగులది. తమ్ముడు ఆ ఏడు వేరుశనగ వేశాడు. అతని బోరులో ఇంకా నీళ్ళున్నాయి. రెండు తడులు అన్న వరికి ఇచ్చాడు. ఇమ్మని నేను చెప్పలేదు. మాటలు కలిశాయా అంటే, నీళ్ళు కలిశాయి. మాటలు ఇంకా పూర్తిగా లేవు.

ఇక గ్రామసభ సంగతి. రాజ్యాంగానికి 73వ సవరణ వచ్చి, 1993 ఏప్రిల్ 24 నుంచి అమలయింది. గ్రామసభకు రాజ్యాంగంలో చోటు దొరికింది. ఓటరు జాబితాలో పేరున్న ప్రతివారూ దానిలో సభ్యులే. సర్పంచిని అయిదేళ్ళకొకసారి ఎన్నుకుంటాం. సభ్యత్వం మాత్రం రోజూ మనదే. కాని సభ ఎట్లా జరుగుతుందో మీకు తెలియనిదా? ఒక షామియానా. వరుసగా కుర్చీలు, ముందు కుర్చీలు ఎవరివో చెప్పనక్కర లేదు. ఒకరు జాబితా చదువుతారు. ఆడవాళ్ళు ఒక పక్కన నిలబడతారు. పుస్తకం ఇంటింటికీ తిరిగి సంతకాలు చేయించుకుని వస్తుంది.

2024 వేసవిలో ఆ ఊరి గ్రామసభలో తాగునీటికి కొత్త బోరు వేయాలని ఒక ప్రతిపాదన వచ్చింది. అందరూ సరేననబోయారు. వానమాపకం చూసే అక్క పుస్తకం చంకన పెట్టుకుని లేచింది. సభలో ఆమె మాట్లాడటం అదే మొదటిసారి. గొంతు వణికింది. "పాత బోరు దగ్గర నీళ్ళు నవంబరుల 10 మీటర్లు, ఫిబ్రవరిల 17. దాని చుట్టు మూడు కొత్త బోర్లు పడ్డయ్. ఇప్పుడు ఇంకోటి వేస్తే దాని పక్కన మళ్ళ ఇంకోటి పడదా?" అని అడిగింది. ఒకాయన "నీకెందుకమ్మా బోర్ల సంగతి" అన్నాడు. ఆమె పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టి, "అన్నా, నువ్వే చదువు" అంది. ఆయన చదివాడు. ఆ తరువాత మాట మారింది.

2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టాన్ని మనం వాల్టా అంటాం గదా. ప్రజల తాగునీటి వనరుకు దగ్గరలో, 250 మీటర్ల లోపల, అనుమతి లేకుండా కొత్త బావి గాని బోరు గాని తవ్వరాదని అందులో వుంది. ఆ సంగతి ఆ సభలో తెలిసినవారు ఇద్దరే. అందులో నేనొకణ్ణి, నన్ను ఎవరూ అడగలేదు కాబట్టి అంతవరకూ నోరు మెదపలేదు. ఇది కూడా ఒప్పుకోవాలి. చట్టం తెలిసిన ఉద్యోగి వూరుకున్నాడు, మూడు తరగతులు తక్కువ చదివిన మనిషి లేచి నిలబడింది. ఆమె అడిగాక చట్టం సంగతి చదివి చెప్పాను. కొత్త బోరు వేయకుండా, పాత బోరుకు పైభాగంలో వున్న పూడిన కుంటను తవ్వాలని, చుట్టుపక్కల ఇక కొత్త బోరుకు పంచాయతీ ఒప్పుకోకూడదని తీర్మానం రాశారు. ఆ మూడు బోర్లవాళ్ళకు కోపం వచ్చింది. వాళ్ళలో ఒకరు నాకు ఇప్పటికీ నమస్కారం పెట్టరు.

నాతోటి విస్తరణ ఉద్యోగులకు ఒక మాట. మన రిపోర్టులో ఎంతమందికి శిక్షణ ఇచ్చామన్న గడి వుంటుంది. ఎవరు ఏమి కొలవడం నేర్చారు, ఎవరు సభలో లేచి మాట్లాడారు అన్న గడి లేదు. గడి లేదు కాబట్టి ఆ పని చేయనక్కర లేదనుకోకండి. మరొకటి. పొలంబడికి ఆడవాళ్ళను పిలవండి. నారు వేసేది, కలుపు తీసేది, పురుగును ముందుగా చూసేది వాళ్ళే. మధ్యాహ్నం 2 గంటలకు పెడితే వస్తారు. పొద్దున 10 గంటలకు పెట్టి "ఆడవాళ్ళు రావడం లేదు" అని రాయడం నేనూ చేశాను, రెండేళ్ళు.

రైతులకు నా మనవి చిన్నదే. వానమాపకం దొరకకపోతే, పైనా కిందా ఒకే వెడల్పు వున్న డబ్బా ఒకటి తీసుకోండి. నోరు వెడల్పుగా అడుగు ఇరుకుగా వున్నది పనికిరాదు. నేలకు కొంచెం ఎత్తున, నిలువుగా, చెట్టుకు, గోడకు దూరంగా పెట్టండి. పొద్దున అందులో స్కేలు పెట్టి ఎన్ని మిల్లీమీటర్లో చూడండి, రాసుకుని పారబోయండి. పిల్లల నోటు పుస్తకం చాలు. బావికి తాడు, బోరుకు డ్రమ్ము సంగతి చెప్పాను. ఒక ఇంట్లో ఒకరు కాక, ఇద్దరు నేర్చుకోండి. ఒకరు ఊరికి పోతే ఇంకొకరు రాస్తారు. మా ఊళ్ళో గోడ మీది పాత పట్టిక వెలిసిపోయింది ఆ రెండో మనిషి లేకనే.

అక్క పుస్తకం ఇప్పుడు రెండోది నడుస్తున్నది. మొన్న నేను పోయినప్పుడు ఆమె ఇంట్లో లేదు, కూతురు వుంది. ఎనిమిదో తరగతి. "అమ్మ పొలం పోయింది. ఇయ్యాల్టిది నేనే రాసిన. 12 మిల్లీమీటర్లు" అన్నది. స్కేలు సరిగ్గా నిలువుగా పెట్టావా అని అడిగాను. "మీరే చూసుకోండ్రి" అని డబ్బా చూపించింది. అప్పటికే పారబోసింది.